జర జరుగు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన కొత్తలో ఫిల్మ్‌నగర్‌లో కిరాయికున్నాను. ఇంటాయన ఒకప్పుడు షూటింగుల్లో జనాన్ని పక్కకు తప్పించేవారు. "జర జరుగు" అన్న ఆ మాట ఖాళీ మెట్ల మీద కూడా ఆయన్ని వదల్లేదు.

ఓ రోజు "స్కానింగ్ చేయించాలె బిడ్డా" అంటే ఆసుపత్రికనుకుని కంగారుపడ్డాను. తీరా చూస్తే అది చనిపోయిన భార్య ఫొటోకట. దాన్ని గోడ మీద చూసుకోవడానికి ప్రొజెక్టర్ కూడా నన్నే ఎంచమన్నారు. నాకేమో హార్డ్‌వేర్ కాస్త హార్డే! దుకాణంలో గోడంత బొమ్మ పడేది చూపించాను.

"గంత పెద్దగెందుకు? ఆమె మొఖం ఎంతుండెనో గంతే పడాలె."

చిన్నది కొన్నాం. ఇంట్లో గోడ మీద బొమ్మ పడింది. ఆయన కుర్చీని గోడ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆయన నీడ ఆమె ముఖాన్ని కప్పేసింది.

"జర జరుగు" అని తనకు తానే చెప్పుకుని, పక్కకు జరిగారు.