పదో రోజు, గడియ పెట్టింది నేనే

రాజమండ్రి చుట్టుపక్కల ఎవరింట్లో మగమనిషి పోయినా, ఆ ఇంటి కూతురో కోడలో గుట్టుగా మా సంఘానికి ఫోన్ చేసేది. పదో రోజున ఒక్కసారి రండి, అని. మేం ఏడుగురం ఆడవాళ్ళం. ఒక లాయరు, ఒక నర్సు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఇల్లు చూసుకునేవాళ్ళు ఇద్దరు, హైస్కూల్లో సోషల్ చెప్పే నేను. భర్త పోయినావిడని పదో రోజు తెల్లారేసరికి కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, సూత్రం తీసేస్తారు కదా, ఆ తంతు ఆపడం మా పని.

ఉపన్యాసాలు ఆ ఇళ్ళల్లో పనిచెయ్యవు. అందుకని తలలో పూలు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళి, ఆవిడకి చెరోవైపు కూర్చుని, ఆవిడ మణికట్టు మీద చెయ్యి వేసి ఉంచేవాళ్ళం. అంతే. మా చేతులు లాగేసి గాజులు పగలగొట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అసలు ముత్తైదువ ఆ తంతు కంటితో చూడకూడదు, చూస్తే తన మొగుడికే కీడు అంటారు. మేం చూడటమేంటి, పక్కనే తిష్ఠ వేసేవాళ్ళం. సామర్లకోటలో ఒకాయన, "మీ మొగుళ్ళు బతికున్నారు కాబట్టి ఈ వేషాలు," అన్నాడు. "బతికున్నారు కాబట్టే వచ్చామండి, పోయాక మమ్మల్ని మీరు గుమ్మం ఎక్కనిస్తారా?" అన్నాను. ఆ మాట ఎన్నాళ్ళు ఎంతమందికి చెప్పుకుని మురిసిపోయానో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా అమ్మకి నా సంగతులన్నీ ఇష్టం. కొవ్వూరు వెళ్ళినప్పుడల్లా నా ఫోన్ లాక్కుని చూసేది. ఎక్కడో పరాయి దేశంలో ఆడపిల్లలు నడిరోడ్డు మీద ముసుగులు తీసేసి జుట్టు కత్తిరించుకుంటున్న వీడియో ఒకటి నాలుగైదుసార్లు చూసింది. "వీళ్ళ అమ్మలు ఎంత గుండె చిక్కబట్టుకుని ఉన్నారో," అంది. నాన్నకి కిడ్నీలు పాడై ఇక లాభం లేదని తెలిశాక, ఓ మధ్యాహ్నం నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. "నాకు మాత్రం ఆ పని జరగనివ్వకే. పదిమందిలో బొమ్మలా కూర్చోలేను. నువ్వున్నావుగా," అంది. నేనున్నానమ్మా అన్నాను.

నాన్న పోయారు. సంఘంలో వాళ్ళు బయల్దేరతామంటే నేనే వద్దన్నాను. మా ఇల్లేగా, నేనొక్కదాన్ని చాలనా? ఎంత పొగరు! తొమ్మిదో రోజు సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, ఇక్కడ ఏ తంతూ జరగదని చెప్పేశాను. తమ్ముడు "నీ ఇష్టం అక్కా" అన్నాడు. మిగతావాళ్ళు లేచి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళారు.

తర్వాత మేనత్త వచ్చి నా పక్కన చతికిలబడింది. నాన్నకి అక్క, పదిహేడో ఏటే భర్త పోయిన మనిషి. పోట్లాటకి వచ్చిందనుకుని నేను కొంగు బిగించాను. ఆవిడ పోట్లాడలేదు. "మా అక్కకి చేసినప్పుడు తలుపు సందులోంచి చూశానే. చూడొద్దని అమ్మ మొత్తుకుంది. ఆర్నెల్లకి మీ మామయ్య పోయాడు," అంది. అరవయ్యేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. "మీ ఆయన గుండెలో ఆ స్ప్రింగేదో వేయించుకుని రెండు నెలలైనా కాలేదు. మీ అమ్మ కంటే నాకు ఎక్కువెవరే? కానీ నువ్వు చూడకు తల్లీ." చెంపల మీద నీళ్ళు తుడుచుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

మూఢనమ్మకం అని నాకు తెలీదా? పిల్లలకి పాఠం చెబుతానే!

తెల్లారుతుండగా మేనత్తా, ఇంకో ఇద్దరూ అమ్మని పెరట్లోకి తీసుకెళ్ళారు. నేను లేచాను. పెరటి తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే హాల్లో మా ఆయన చాప మీద పడుకుని ఉన్నారు, దిండు పక్కన మాత్రల అట్ట. ఛాతీ లేస్తోందా లేదా అని చూశాను. లేస్తోంది. అక్కడే ఆగిపోయాను.

"ఏదీ మా అమ్మాయి?" అంది అమ్మ అవతల్నించి. కాసేపటికి, "పిలవండర్రా దాన్ని," అంది. మూడోసారి నన్నే పిలిచింది, చిన్నప్పటి ముద్దుపేరుతో.

నేను గడియ పెట్టాను. ఎవరూ పెట్టించలేదు. నా చేత్తో నేనే పెట్టాను. బండ మీద గాజులు పగలడం వినిపించింది. అమ్మ మళ్ళీ పిలవలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చలో గెలిచిన ముండమొహాన్ని నేను, ఇంట్లో మా అమ్మనే ఓడగొట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. సంఘంలో అడిగితే, అమ్మే పట్టుబట్టి చేయించుకుందని చెప్పాను. అమ్మని నా ఫ్లాటుకి తెచ్చుకున్నాక మా సంఘంలో నర్సు చూడటానికి వచ్చి, "మీరు ఒప్పుకోకుండా ఉండాల్సిందండీ పిన్నిగారూ," అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ నావైపు ఒక్క క్షణం చూసింది. "పాతకాలం దాన్ని కదమ్మా," అని మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. నిలదీసినా, నాలుగు తిట్టినా తట్టుకునేదాన్ని. ఆ సంగతి మొన్నటిదాకా ఎత్తలేదు.

మొన్న మహిళా దినోత్సవానికి కాకినాడలో సభ, నేను మాట్లాడాలి. మా ఆయన కారులో దింపుతానన్నారు, కింద హారన్ కొడుతున్నారు. నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి రాబోయి, నన్ను చూసి గబుక్కున తలుపు చాటుకి జరిగింది. భర్తలేని మనిషి బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదని.

"ఏంటమ్మా ఇది? నా దగ్గర కూడానా?" అన్నాను.

"వేరేవాళ్ళైతే నాకేం పట్టింపు లేదే. నీకూ భయమేనని ఆ రోజు తెలిసిందిగా. అతనసలే గుండె మనిషి, నావల్ల నీకు బెంగ దేనికి?" అంది, తలుపు చాటునుంచే. "ముందు నువ్వు మెట్లు దిగు. నేను తర్వాత వస్తాను."