ఎండిన మడిలో ప్రార్థన

నా చిన్నప్పుడు నేను దేవుణ్ణి మనసారా అడిగిన మొదటి కోరిక, మా సంఘపెద్ద చెయ్యి విరిగిపోవాలని. కొత్త గౌనో, గాజులో అడగాల్సిన వయసు. అయినా అదే అడిగాను. కుడి చెయ్యే ప్రభువా, మరిచిపోకు అని గుర్తుచేసి మరీ అడిగాను. ఇప్పుడు నాకు మనవలున్నారు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా ఆ కోరిక కోరినందుకు నాకు ఇసుమంత సిగ్గు లేదు. ఎందుకంటే ఆ పెద్దమనిషి మా నాన్న చెయ్యి విరగ్గొట్టాడు.

మా ఊరు ముంచింగిపుట్టు దాటాక, కొండ వాలులో ఉంటుంది. పైనుంచి దిగే వాగును మేం గెడ్డ అంటాం, ఆ నీళ్లు ఒక మడిలోంచి కిందనున్న మడిలోకి జారుతూ మా అందరి వరినీ పండిస్తాయి. పై మళ్లు సంఘపెద్దవి, వాటి కింద మావి. తన మడి తడిశాక నీళ్లు కిందికి వదలాలన్నది ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేని కట్టుబాటు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి పొట్ట మీదుంది, కంకి వేసే వేళ, ఇంకొన్నాళ్లు నీళ్లందితే చాలు, మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి. సరిగ్గా అప్పుడే ఆయన తన గట్టు దగ్గర రాళ్లు పేర్చి, బురద మెత్తి, చుక్క కిందికి రాకుండా కట్టేశాడు. ఇదేం పని అని అడగబోయిన మా నాన్నను పార తిరగేసి దాని కర్ర కామతో కొట్టాడు. మోచేతి కింద ఎముక విరిగింది.

ఇంతా చేసి ఆదివారం చర్చికి వచ్చాడండీ! ఉతికిన పంచె, తలకు నూనె, చేతిలో తాళాలు. మా చర్చిలో పాటకు తాళం వేసేది ఆయనే. ముందు వరసలో కూర్చుని గొంతెత్తి స్తుతి పాడాడు. మా పాస్టరుగారు మెత్తటి మనిషి. వారంలో సగం భోజనాలు ఆ పెద్దింట్లోనే. ఆ రోజు క్షమించడం గురించి వాక్యం చెప్పి, చెప్పినంతసేపూ మా నాన్న వైపే చూశాడు. విరిగిన చెయ్యివాడు క్షమించాలట, విరగ్గొట్టినవాడు తాళం వేసుకోవచ్చట! ప్రభువు బల్ల దగ్గరికి పిలిచినప్పుడు, మనసులో పగ పెట్టుకుని రొట్టె ముట్టకూడదని మా నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. సంఘపెద్ద మాత్రం నిక్షేపంగా తీసుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నమిలాడు.

ఆ రోజునుంచి నాన్న మాట్లాడటం మానేశాడు. వాకిట్లో కూర్చుని ఎడమ చేత్తో గొడ్డలి నూరేవాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది. నేను మాత్రం సానరాయి మీద నీళ్లు చిలకరిస్తూ నాన్న పక్కనే ఉండేదాన్ని. ఆ గొడ్డలి దేనికో ఇంట్లో అందరికీ తెలుసు. నీళ్లు రాకపోతే పంట పోతుంది, పంట పోయిననాడు నాన్న పై మళ్లలోకి వెళతాడు.

మా నాయనమ్మకు దేవుడితో మాట్లాడటానికి వేళాపాళా లేదు. పొయ్యి ఊదుతూ, తిరగలిలో చోళ్లు విసురుతూ, దడి దాటొచ్చిన మేకను తిడుతూ, మధ్యమధ్యలో ఆయనతో నాలుగు ముక్కలు మాట్లాడేసేది. ఒక పొద్దున ఆవిడ తిరగలి దగ్గరికి వెళ్లి కడుపులో ఉన్నది కక్కేశాను.

"నాయనమ్మా, దేవుడికి కళ్లు అగుపడవేటి? నాన్న సెయ్యి ఇరిగితే ఏటీ సెయ్యడేటి?"

"నువ్వేటి అడిగేవు?"

చెప్పాను. చెంప పగులుతుందనే అనుకున్నాను. ఆవిడ తిరగలి ఆపలేదు.

"మంచి పని సేసేవు. ఆయనకి కాపోతే ఎవులికి సెప్పుకుంతావు? నానూ ఇంచుమించు అదే అడిగేను." పిండి ఒక పక్కకి ఊడ్చి, నా మొహంలోకి చూసింది. "అయితే ఆడి సెయ్యి ఇరిగిపోతే, ఆ రాళ్లెవులు తీత్తారే గుంటా?"

ఆవిడ చెంగు దులుపుకుని పాస్టరుగారి ఇంటికి బయల్దేరింది.

మాకు ప్రతి బుధవారం ఒకరింట్లో ప్రార్థన కూటం ఉంటుంది. వంతు ఎవరిదైతే వాళ్లు చెప్పిన చోట సంఘమంతా చేరాలి. ఆ వారం వంతు మాది. ఇంట్లో చెయ్యి విరిగిన మనిషి ఉన్నాడు, చోటు చాలదు, మళ్లో పెట్టుకుందాం అంది నాయనమ్మ. అదీ పొద్దెక్కాక. పాస్టరుగారికి కాదనే దారి కనిపించలేదు. సంఘపెద్దకు రాకుండా ఉండే దారీ లేదు, తాళాలు ఆయనవి కదా.

అలా ఊళ్లోని విశ్వాసులందరూ పిల్లాజెల్లాతో వచ్చి మా మళ్లో కూర్చున్నారు. కట్టు కట్టిన చేత్తో నాన్నా వచ్చాడు. నేల బీటలు వారి ఉంది. వరి ఆకులు చుట్టలు చుట్టుకుపోయాయి. పైన, అందరికీ కనిపించేలా, ఆ రాళ్ల కట్ట. పాటలయ్యాయి. ప్రార్థన చేస్తానని నాయనమ్మ మోకరించింది. అందరూ మోకరించారు. ప్రార్థన చేసేవాళ్లు ఆమేన్ అనేదాకా మాలో ఎవరూ కళ్లు తెరవరు, మోకాళ్ల మీదనుంచి లేవరు. ముసలివాళ్లయినా, చూలాళ్లయినా అంతే.

నాయనమ్మ తొందరపడలేదు. కొండకు స్తోత్రం చెప్పింది, గెడ్డకు స్తోత్రం చెప్పింది, ఎద్దులకు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"తండ్రీ, ఈ మళ్లు సెక్కినప్పుడు నా పెనివిటీ, ఎగువింటి ముసలాయనా కలిసి రాళ్లు మోసేరు. నువ్వు సూసేవు. ఒకే ఆనపబుర్రలో అంబలి తాగేరు. నువ్వు సూసేవు. మొన్న నా కొడుకు సెయ్యి ఇరిగింది. అదీ సూసేవు. ఎవులు ఇరగ్గొట్టేరో నాను సెప్పను. నీకు తెల్దేటి?"

ఎగువింటి ముసలాయనంటే సంఘపెద్ద తండ్రి. ఎండ ముదిరింది. పిల్లలు గునిశారు. ఒక ముసలావిడ మోకాళ్ల నొప్పికి మూలిగింది. పాస్టరుగారు దగ్గి, దగ్గి, చివరికి తెగించి గట్టిగా "ఆమేన్!" అనేశాడు.

"నానింకా అన్లేదు బాబూ" అంది నాయనమ్మ, కళ్లు తెరవకుండానే. "తండ్రీ, నీళ్లొచ్చేదాకా నానిక్కడే ఉంతాను. నీ జనవూ ఉంతారు. మాకేం తొందర నేదు."

నేను వేళ్ల సందుల్లోంచి సంఘపెద్దనే చూస్తున్నాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! నూనె రాసుకున్న తలలోంచి చెమట కారి గడ్డం మీదికి దిగుతోంది. ఆయన ఒక కన్ను తెరిచాడు. నేను చేతులు తీసేసి తిన్నగా ఆయన మొహంలోకి చూశాను. ఆయనే కన్ను మూసుకున్నాడు. పక్కనున్న ఆయన భార్య కళ్లు మూసుకునే మోచేత్తో డొక్కలో పొడిచింది. "బేగి లెగు, మనిసివేనా?" అంది. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించింది. ఎవరూ కళ్లు తెరవలేదు.

ఆయన లేచాడు. ఆమేన్ కాకుండా మా సంఘంలో మోకాళ్ల మీదనుంచి లేచిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. వంగి గట్టు ఎక్కుతున్న ఆ వీపును ఈ రోజుకీ తలుచుకుని సంబరపడతాను. కాసేపటికి రాయి మీద రాయి దొర్లిన చప్పుడు వినిపించింది. నాయనమ్మ ప్రార్థన ఆగలేదు. మట్టి రంగు నీళ్లు బీటల్లోకి దిగి, బీటలు నిండాక పైకి పొంగి, మా మోకాళ్లను తాకాయి. చల్లగా ఉన్నాయి. అప్పుడు నాయనమ్మ "ఆమేన్" అంది. ఊరంతా ఆమేన్ అంది. నాన్న బురదలో నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. తాళాల దగ్గర ఉంటాడనుకున్న దేవుడు ఇంతసేపూ మా బురదలోనే, మా పక్కనే ఉన్నాడని నాకు అనిపించింది.

ఇంటికి వస్తూ దారిలో నాయనమ్మను నిలదీశాను. నీళ్లు వదిలాడు సరే, అంతమాత్రానికే క్షమించేశావా అని.

ఆవిడ ఆగిపోయింది. "ఎవులు సెప్పేరే? నాను నీళ్లకి ఆమేన్ అన్నాను. సెయ్యికి అన్లేదు."

పంట చేతికొచ్చింది. నాన్న పై మళ్లలోకి వెళ్లలేదు. చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది, మళ్లీ నాగలి పట్టలేదు. సంఘపెద్ద తప్పయిందని ఒక్క మాట అనలేదు, రెండు చేతులూ నిక్షేపంగా ఉండగానే పోయాడు. నాయనమ్మ బతికున్నన్నాళ్లూ తిరగలి దగ్గర ఆ చెయ్యి సంగతి దేవుడికి చెబుతూనే ఉంది, ఒక్కనాడూ ఆమేన్ అనలేదు.

ఇప్పుడు నేను చెబుతున్నాను. పొయ్యి రాజేస్తూ, కాఫీ పళ్లు ఏరుతూ, నాన్న చెయ్యి గురించి, ఆ పార కామ గురించి, కోపం ఏమాత్రం దాచుకోకుండా ఆయనకు చెబుతాను. క్షమించమని ఆయన నన్ను తొందరపెట్టలేదు, విసుక్కుని లేచిపోనూ లేదు. ఫోన్లో ప్రార్థనలు వినే మా మనవరాలు, నువ్వెప్పుడూ ఆమేన్ అనవేంటి బామ్మా అని నవ్వుతుంది. అనేస్తే ప్రార్థన అయిపోతుందమ్మా, లేచి వెళ్లిపోవాలి అంటాను. అనలేదు గనకే ఇన్నేళ్లుగా వంటింట్లో ఉన్నా, కాఫీ తోటలో ఉన్నా నేనింకా ఆయన ముందే ఉన్నాను.