అత్తయ్య వేలాడే కొక్కెం

మా అత్తయ్య ఎత్తయిన భవనాలకు రంగులు వేసేవాళ్లు కట్టుకునే బెల్టులు కుడుతుంది. నడుముకీ తొడలకీ అవి బిగించుకుని, తాడుకు తగిలించుకుని గాల్లో పనిచేస్తారు వాళ్లు. వాళ్ల ప్రాణాలు ఆవిడ కుట్లలో ఉంటాయి.

కుట్టడం అయ్యాక ప్రతి బెల్టునూ తనే కట్టుకుని, గది దూలానికున్న కొక్కేనికి తగిలించుకుని, కళ్లు మూసుకుని కాసేపు వేలాడేది. వీధి పిల్లలు గబ్బిలం మామ్మ అని పేరు పెట్టారు. పెళ్లయిన కొత్తలో నేనూ నవ్వినదాన్నే. "దేవుడి ముందు ఒక్క నిమిషం కూర్చోరు గానీ, ఇక్కడ మాత్రం తపస్సు చేస్తారు" అని ఎత్తిపొడిస్తే, "అక్కడ నాకు నిద్రొస్తుందే. ఇక్కడ రాదు" అంది.

ఈమధ్య ఆవిడ మోకాలు వాచింది. స్టూలెక్కలేక ఒక్క బెల్టును వేలాడి చూడకుండానే ఇచ్చేసింది. పోయి పోయి అది రంగుల పనికెళ్లే మా ఆయనది, అంటే ఆవిడ కొడుకుది.

మర్నాడు ఒంటికాలితో మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయింది. ముఖంలో నెత్తురు లేదు.

"నడుము పట్టీ దగ్గర దారం తెగిందే. మళ్లీ ఎక్కించాను. కుట్టు ఊడకుండా వెనక్కొచ్చి ముడికుట్టు వేశానో లేదో గుర్తు రావట్లేదు."

ఫోను చేశాను. ఎత్తలేదు. పైకి వెళ్లేటప్పుడు ఆయన ఫోను కిందే వదిలేస్తారు.

ఇద్దరం పని జరిగే చోటికెళ్లాం. ఆటో దిగి తలెత్తేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెడ పట్టేసేంత ఎత్తున, గోడ పక్కన మా ఆయన. అరవబోతే అత్తయ్య నా నోరు నొక్కేసింది.

"ఉలిక్కిపడి కదిలితే? నోర్ముయ్."

మేం సంగతి చెప్పగానే మేస్త్రీ పైవాళ్లకి చెప్పి మెల్లగా దింపించసాగాడు. తాడు కుదిసినప్పుడల్లా నేను కళ్లు మూసుకునేదాన్ని. అత్తయ్య వేళ్లు మాత్రం గుడ్డ తోస్తున్నట్టు గాల్లో కదులుతున్నాయి.

"ఏం చేస్తున్నారు?"

"ఆ బెల్టును మనసులో మొదట్నుంచీ కుట్టుకొస్తున్నా. దారం తెగిన చోటికొచ్చి ఆగిపోతోంది."

చివరికి ఆయన కాళ్లు నేలకానాయి. "ఏంటమ్మా, క్యారేజీ మర్చిపోయానా?" అని నవ్వబోయారు. ఆవిడ పట్టీ తిప్పి చూసింది.

ముడికుట్టు ఉంది. ఎప్పటిలాగే గట్టిగా, వరసగా ఉంది.

నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. ఆ కుట్టును వేలితో తడుముతూ, "ఇది ఎప్పుడు వేశానే?" అంది. ఇందాకటి కంటే ఎక్కువ భయం ఉంది ఆ గొంతులో.

ఇంటికొచ్చాక మోకాలన్నా వినలేదు. అదే బెల్టు కట్టుకుంది. నేనూ ఆయనా చెరోవైపూ పట్టి ఎత్తి తగిలించాం. కొక్కెం కిర్రుమంది.

"చాలు, దిగండత్తయ్యా. కుట్టు ఉందని చూశాం కదా."

"కుట్టు ఉందే" అంది కళ్లు తెరవకుండా. "చేతులు వేశాయి గానీ, వేసేటప్పుడు నేనే లేను. కాసేపుండనీ."

ఆవిడ ఊగిపోకుండా మా ఆయన కింద నిలబడి తల్లి పాదాలు రెండూ పట్టుకున్నారు.