మిణుగురు అంకె

అమలాపురం కాలేజీ ల్యాబులో మిషను సరిచూడటానికి ఎస్తేరురాణి గారు రోజూ ముందు తన వేలే గుచ్చుకుంటారు. బతికున్న రక్తకణాలకు మిణుగురు పురుగును వెలిగించే ఎంజైము కలిపితే, వాటిలో శక్తి ఎంతుంటే అంత వెలుగు వస్తుంది. మిషను దాన్ని అంకెగా చూపిస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థిని శ్రీకళ కూడా వేలు గుచ్చుకుంటోంది; ఆమె అంకే రోజూ ఎక్కువ. అది చూసినప్పుడల్లా ఆవిడ కళ్లజోడు తీసి, మకిలి లేని అద్దాలను చెంగుతో గట్టిగా తుడుస్తారు.

"శ్రమ దినాలు కదమ్మా, ఈస్టరు దాకా పగలు ఉపవాసం. అందుకే నాది తగ్గింది," అన్నారు ఈ సోమవారం.

"నేనూ సోమవారాలు ఏమీ తిననండీ," అంది శ్రీకళ మర్యాదగా.

"ఆయ్," అని నవ్వేరావిడ.

శ్రీకళ క్లాసుకి వెళ్లగానే క్యాంటీను నుంచి పెసరట్టు తెప్పించుకున్నారు. చిన్నప్పటి నుంచీ ఏ ఏడూ మానని ఉపవాసం. ఆఖరి ముక్క మింగి, చెయ్యి కడుక్కుని, మళ్లీ వేలు గుచ్చుకున్నారు.