రేవు మూస్తే వంతెన

2011 ఏప్రిల్‌లో నన్ను రాష్ట్ర మత్స్య విభాగం ప్రధాన కార్యాలయం నుంచి అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ అఖాతం ఒడ్డున ఉన్న ఒక చిన్న కౌంటీకి ప్రాంతీయ బయాలజిస్టుగా బదిలీ చేశారు. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు, ఒక పడవ, ఒక పాత పికప్ ట్రక్కు ఉండేవి. నా పైన డివిజన్ చీఫ్. ఆయన పైన ఉన్నవాళ్ళు మాకు సంతకాలుగానే తెలుసు. కౌంటీ పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

మా పని ముఖ్యంగా నియమాలు రాయడం. ఏ చేపను ఏ కాలంలో పట్టవచ్చు, ఎంత సైజుంటే ఉంచుకోవచ్చు అన్నవి. పీతల విషయంలో మా నియమం చిన్నది: గుడ్లు పెట్టేది అదే కాబట్టి, సరదాకు పట్టేవాళ్ళు ఆడపీతను ఉంచుకోకూడదు. ఆడా మగా తెలుసుకోవడం కష్టం కాదు. వెల్లకిలా తిప్పితే మగపీత పొట్ట మీద సన్నటి స్తంభంలాంటి గీత ఉంటుంది, ఆడపీతకు గుమ్మటంలాంటి వెడల్పు రేకు ఉంటుంది. డెక్క కొనలు ఎర్రగా, గోళ్ళకు రంగు వేసుకున్నట్టుంటే అది ఆడదే.

నాది వరంగల్. మా వైపు దాన్ని ఎండ్రకాయ అంటారు. నేను దాన్ని మొదట చూసింది సీసాలో, ఫార్మలిన్‌లో. మా ఆవిడ శారదది అమలాపురం దగ్గర. ఆమె చూసింది చట్టిలో, చింతపండు పులుసులో. పెళ్ళయిన మొదటి ఏడాదే మా ఇంట్లో ఎండ్రకాయ పోయి పీత మిగిలింది.

ఆ కౌంటీలో ఒక వాగు అఖాతంలో కలిసేచోట ప్రభుత్వ చెక్క రేవు ఉంది. శని, ఆదివారాల్లో ఊళ్ళవాళ్ళు వచ్చి పీతలు పట్టేవారు. తాడుకు కోడిమెడ కట్టి నీళ్ళలో వదులుతారు. పీత దాన్ని పట్టుకున్నాక మెల్లగా పైకి లాగి వలబుట్టతో అందుకుంటారు. ఇలా పట్టేవాళ్ళను స్థానిక జాలర్లు చికెన్ నెకర్లు, అంటే కోడిమెడగాళ్ళు, అంటారు. ఆ మాటలో మర్యాద కొంచెం తక్కువ.

ఆ మే, జూన్ నెలల్లో మా చట్టాలు అమలుచేసే ఆఫీసర్లు రేవు దగ్గర జనం తెచ్చుకున్న కూలర్లు, అంటే ఐసుపెట్టెలు, తెరిపించినప్పుడల్లా అందులో ఆడపీతలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, కొన్ని కూలర్లలో అన్నీ అవే. చీఫ్ నన్ను సిఫారసు రాయమన్నారు. నేను పద్ధతి ప్రకారం క్రీల్ సర్వే చేశాను. అంటే పట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి బుట్టలో ఏముందో చూసి, నాలుగు ప్రశ్నలడిగి ఫారం నింపడం. మంగళవారం, గురువారం చేశాను. ఆదివారం డ్యూటీ వేయాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి, అది అడిగినా రాదని అడగలేదు. రేవు మీద దొరికినవాళ్ళు స్థానికులు, రిటైరైనవాళ్ళు. శని, ఆదివారాలు రేవు మూస్తే మీకు అభ్యంతరమా అంటే, హాయిగా మూసేయమన్నారు. "వినియోగదారులకు అభ్యంతరం లేదు" అని రాశాను. జూలై నుంచి సీజన్ చివరి వరకు వారాంతాల్లో రేవుకు గొలుసు పడింది. కూలర్లలో ఆడపీతలు లేవని ఆఫీసర్లు రిపోర్టు ఇచ్చారు. కూలర్లే లేవని ఎవరూ రాయలేదు.

సెప్టెంబరులో ఆ నియోజకవర్గం డెలిగేట్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. డెలిగేట్ అంటే మా రాష్ట్రంలో దిగువసభ సభ్యులు. ఆమెను అందరూ మిస్ డోరిస్ అనేవారు. సభకు రాకముందు ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఉత్తరంలో ప్రశ్నలు రెండే. రేవు మూసిన తర్వాత జనం అరమైలు దూరంలోని రోడ్డు వంతెన మీద నిలబడి పీతలు పడుతున్న సంగతి విభాగానికి తెలుసా? పాదచారులకు జాగా లేని ఆ వంతెన మీద ఎవరైనా చనిపోకముందు విభాగం ఏం చేయదలచుకుంది?

చీఫ్ ఒక్క వాక్యం జవాబు తయారుచేశారు: వంతెన రోడ్ల శాఖ పరిధిలోనిది. అది నిజమే. నాకు మాత్రం వంతెన ఒకసారి చూడాలనిపించింది. ఆదివారం నాడు, నా సొంత కారులో, శారదను తీసుకుని వెళ్ళాను.

వంతెన పొడుగునా కార్లు ఆపి ఉన్నాయి. రెయిలింగుకు తాళ్ళు. వెనక నుంచి పడవలు లాక్కెళ్ళే ట్రక్కులు మూరెడు దూరంలో పోతున్నాయి. మేము మొదట విన్నది తెలుగు.

"మమ్మీ, లోపలికి జరుగు. ట్రక్ వస్తోంది."

"జరగడానికి లోపలేదీ? వాగులోకి దూకమంటావా?"

పక్క రాష్ట్రంలోని ఆష్‌బర్న్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చిన కుటుంబం. కిరణ్, లావణ్య ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. పెద్దావిడ లావణ్య తల్లి, భీమవరం పక్క ఊరి నుంచి చూడడానికి వచ్చింది. నేను ఎవరినో చెప్పగానే కిరణ్ ముఖం మారింది.

"అంకుల్, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళేటప్పుడు ఫైన్ ఉంటే ప్రాబ్లమ్ అవుతుందా?"

ఫైన్ వేసే అధికారం నాకు లేదన్నాను. బకెట్‌లో చూశాను. తొమ్మిది పీతలు, తొమ్మిదీ ఆడవే. మగవి దొరకలేదా అంటే పెద్దావిడ నన్ను జాలిగా చూసింది.

"ఎందుకు దొరకవండీ, బోల్డు. అన్నీ నీళ్ళలోకి ఇసిరేశాం. మగపీతలో ఏవుంటదండీ, డొప్ప తప్ప! గుడ్డున్నదైతే కూరకి రంగొస్తది, రుచొస్తది. మావూళ్ళో మగదాన్నిస్తే బేరం కూడా ఆడరు."

"ఆయ్," అంది శారద, నవ్వు ఆపుకోలేక. "మావూళ్ళోనూ అంతేనండీ."

అప్పుడు అర్థమైంది. నియమం ఏది వదిలేయమందో వీళ్ళు దాన్ని ఏరి ఉంచుకుంటున్నారు, ఉంచుకోమన్నదాన్ని ఏరి వదిలేస్తున్నారు. దొంగతనం కాదు, పెరిగిన ఇంటి అలవాటు. పీతల మీద డాక్టరేట్ తీసుకుని, పీతలు వండే మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, ఈ సంగతి నేను ఒక్కసారి అడగలేదు.

నేను నియమం వివరిస్తుండగా పడవను లాక్కుంటూ ఒక ట్రక్కు వచ్చింది. దాని గాలికో, ఎవరి కాలు తగిలో, బకెట్ దొర్లింది. తొమ్మిది పీతలూ రోడ్డు మీద పడి అడ్డంగా పరుగెత్తాయి. పెద్దావిడ చెప్పులు వదిలేసి వాటి వెనకే రోడ్డు మధ్యకు వెళ్ళిపోయింది. ఎదురు వరుసలో వస్తున్న వ్యాను కీచుమంటూ ఆగింది. ఆమెకూ దానికీ మధ్య ఒక పీత పట్టేంత జాగా ఉంది. పీత ఉంది కూడా, రెండు డెక్కలూ ఎత్తి.

వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడమ్, సూపర్ మార్కెట్‌లో అమ్ముతారు," అన్నాడు.

లావణ్య ఏడ్చేసింది. పెద్దావిడ మాత్రం, "ఏటంటన్నాడే ఆడు?" అని అడిగింది. పీతలను నేనూ కిరణూ ఏరి వాగులోకి వదిలేశాం. కారెక్కాక శారద బెల్టు పెట్టుకుంది. తర్వాత అడిగింది: "మీ రిపోర్టులో ఈవిడ ఉందా?"

లేదు. సోమవారం నేను చీఫ్‌కు మెమో రాశాను. రేవు తెరవాలని, ఆడా మగా బొమ్మలతో బోర్డు పెట్టాలని. ఆయన దాన్ని ఫైల్లో పెట్టి, వంతెన జవాబే పంపారు. మిస్ డోరిస్ దానితో తృప్తి పడలేదు. ఫిబ్రవరిలో సభ సమావేశాల సమయంలో పర్యావరణ కమిటీ విచారణకు మా ఇద్దరినీ పిలిచింది.

కమిటీ గదిలో సాక్షి బల్ల మీద చిన్న దీపాల పెట్టె ఉంటుంది. పచ్చదీపం వెలిగితే మాట్లాడాలి, ఎర్రదీపం వస్తే ఆపాలి. చీఫ్ ముందే చెప్పారు: అడిగినదానికే జవాబు, అడిగినంతే. పచ్చదీపం ఉండగానే ఆయన వంతెన పరిధి గురించి చెప్పి ముగించారు. మిస్ డోరిస్ ఆయన్ను వదిలేసి నా వైపు తిరిగింది. తానూ చికెన్ నెకరే అని ముందుగా చెప్పింది. గది నవ్వింది. తర్వాత నా సర్వే కాగితం పైకెత్తి, వినియోగదారులకు అభ్యంతరం లేదని రాశారే, ఏ రోజు అడిగారు డాక్టర్ అంది.

అడిగినదానికే జవాబు. మంగళవారం, గురువారం అన్నాను.

రేవు ఏ రోజుల్లో మూశారు అంది.

శని, ఆదివారాలు అన్నాను.

ఆమె మరేమీ అనలేదు. ఎర్రదీపం వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఉద్యోగంలో నాకు అంత పొడుగైన నిమిషం మరొకటి లేదు. అది వెలిగాక, కమిటీ అధ్యక్షుడి అనుమతితో ఇంకొక ప్రశ్న అడిగింది: మళ్ళీ రాయమంటే ఏం రాస్తారు? చీఫ్ దగ్గారు. నేను మెమోలో రాసినదంతా చెప్పాను, తప్పు నా సర్వేదేనని కూడా. తొమ్మిది పీతల సంగతీ చెప్పాను. వ్యాను డ్రైవరు మాట చెప్పినప్పుడు అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మే నెలలో రేవు గొలుసు తీశారు. బొమ్మల బోర్డు పెట్టారు. బోర్డును ఎవరూ చదవలేదు. ఆ వేసవి ఆదివారాల్లో శారద మడత కుర్చీ వేసుకుని రేవు మీద కూర్చునేది. విభాగం ఆమెకు వాలంటీరు టోపీ ఇచ్చింది. ఆమె చట్టం గురించి మాట్లాడేది కాదు. మగపీతలో కండ ఎక్కువని, రంగు కావాలంటే కూరలో టమాటా వేసి నూనె తేలేదాకా ఉడకనివ్వమని, గుడ్డు మీద మోజుంటే కోడిగుడ్డు కొట్టి వేసుకోమని చెప్పేది. ఆష్‌బర్న్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. పెద్దావిడ ఇండియా వెళ్ళిపోయిందట. కూతురితో ఫోన్లో అందట: "గుడ్డు లేని పీతకూర తినే ఖర్మేటే మీకు!" అయినా లావణ్య బకెట్‌లో అన్నీ పొట్ట మీద స్తంభం ఉన్నవే.

చీఫ్ కొన్ని వారాలు నాతో ముక్తసరిగా మాట్లాడారు. ఆ తర్వాత సర్వేలకు ఆదివారం డ్యూటీ అనుమతి ఉత్తర్వు వచ్చింది, కింద ఆయన సంతకమే ఉంది. 2015లో నేను రిటైరయ్యాను. శారద పోయి ఆరేళ్ళయింది. ఆ టోపీ మా గరాజ్‌లో, వలబుట్ట పక్కన మేకుకు ఉంది.

ఒక చోట మూసినప్పుడు అక్కడి మనుషులు ఎక్కడికి వెళ్తారో చూసి రావడం కూడా నియమం రాసేవాడి పనే. ఆ విచారణ తర్వాత నేను రాసిన ప్రతి రిపోర్టులోనూ సర్వే ఏ రోజు చేశానో మొదటి వరుసలో రాశాను, తేదీ కాదు, వారం పేరు.