కిటికీ అవతలి గోడ

బోధన్ దాటి మా ఊరికి పోయే రోడ్డు మీద ఇప్పుడు చెరకు బండ్లు కనిపించవు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మా వైపు పొలాలు వరికి తిరిగాయి. నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి నేరుగా పాత బడి దగ్గరికి నడిచాను. దాన్ని బాగుచేసి వారసత్వ కేంద్రమని బోర్డు పెట్టారట. నేను వచ్చింది బడి కోసం కాదు. వెనక గోడ మీద మా అక్క రాసిన అక్షరాల కోసం.

ఆ బడిలో మేము చదవలేదు. బర్రెలు కాసేవాళ్ళకు చదువెందుకని బాపు పంపలేదు, రమ్మని పంతులూ అడగలేదు. బర్రెలను బడి వెనక వదిలి, కిటికీ కింద రాయెక్కి అక్క లోపలికి చూసేది. చూసింది చూసినట్టు మేకుతో గోడ సున్నం మీద గీసి నాకు దిద్దించేది. నల్లబల్ల మాకు పక్కనుంచి, చువ్వల సందులోంచి, మెడ వంచితేనే కనిపించేది. అందుకే ఆమె అక్షరాలన్నీ సన్నగా, ఒక పక్కకు ఒరిగి ఉండేవి.

నా చదువు అక్కడ మొదలైంది. తర్వాత పొట్లాల కాగితాలు చదివాను, పేపర్లు చదివాను, చట్టాలు చదివి ఆఫీసర్లతో కొట్లాడాను. అక్క మాత్రం బీడీలు చుట్టింది. నందిపేట్ వైపు ఇచ్చి పెళ్ళి చేశారు. మొదటి కాన్పులోనే పోయింది. ఫొటో కూడా లేదు. ఈ లోకంలో ఆమె చేతిదంటూ మిగిలింది ఆ గీతలే. చూరు కింద ఉండడంతో వానకు చెరగలేదు. బడి పాడుబడి, లోపల గడ్డి నింపుకున్న రోజుల్లోనూ వెళ్ళి వాటిని తడిమి వచ్చేవాణ్ణి. కూలగొడతామంటే గ్రామసభలో అరిచి ఆపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కేంద్రం చూసుకునేది నాకన్నా కాస్త చిన్నవాడు. అదే బడిలో చదివి, పంతులై, రిటైరయ్యాడు. గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏందన్నా, సదువుకునేనాడు రాకపోతివి, గిప్పుడచ్చినవా బడికి? కూసో, హాజరేస్త."

నవ్వాను. లోపలంతా తిప్పి చూపించాడు. గంట, పంతులు కుర్చీ, ఒకప్పుడు ఊళ్ళో బెల్లం వండిన పెనం. బెత్తానికి కూడా అద్దాలపెట్టె చేయించారు. మమ్మల్ని కిటికీ దగ్గరినుంచి తరిమిన బెత్తం అదే కావచ్చు. పాత ఫొటోలో తనెక్కడున్నాడో వేలుపెట్టి చూపించాడు. నేను ఆగలేక వెనక్కి నడిచాను.

గోడ పాలలా తెల్లగా, నున్నగా ఉంది. కిటికీ కింద రాయి కూడా లేదు. అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తడిమాను. గీతలేమైనాయని అడిగాను.

"గోడంత పిచ్చి గీతలుండెనే. అన్ని గీకిపిచ్చి సున్నం ఏపిచ్చిన. నేనే దగ్గరుండి చేపిచ్చిన."

"పిచ్చి గీతలు గావు. అవి మా అక్కయి."

అతని మొహం చిన్నబోయింది. చెబితే ఉంచేవాళ్ళం కదా అన్నాడు. నిజమే కావచ్చు. కానీ అడిగిందెవరు? లోపల కూర్చున్నవాళ్ళందరినీ ఇంటింటికీ పోయి అడిగారు, వాళ్ళ పలకలూ ఫొటోలూ తెచ్చి పెట్టుకున్నారు. బయట నిలబడ్డవాళ్ళున్నారని ఎవరికీ తోచలేదు. ఆఫీసర్ల మీద లేచిన నోరు అక్కడ లేవలేదు.

అతనే నన్ను లోపలికి తీసుకుపోయి చాక్‌పీసు చేతికిచ్చాడు. వచ్చినవాళ్ళు నల్లబల్ల మీద ఏదైనా రాసిపోవచ్చట. అక్క పేరు రాయమన్నాడు. తన పేరు ఆమె ఎన్నడూ రాయలేదు, బల్ల మీద అది కనిపిస్తే కదా. అ ఆ ఇ ఈ అని రాశాను.

"అన్ని ఒక్కదిక్కే ఒరిగినయేందే అన్నా?"

"కిటికి బయటికెల్లి సూస్తె గట్లనే కనవడ్తది."

రేపు పొద్దున బడిపిల్లలు వస్తారని, అయినా ఆ మూల తుడవనివ్వనని చెప్పాడు. మంచివాడే. కానీ అది నా చేతిరాత, ఆమెది కాదు.

బస్సుకు ముందు మళ్ళీ ఒకసారి వెనక్కి వెళ్ళి గోడ మీద చెయ్యి వేశాను. అరచేతికి సున్నం అంటింది.