మా వీధి గడ్డాల మొక్కు

పార్టీల పేరుతో తలలు తెగే రోజుల్లో, కర్ర కూడా ఎత్తకుండా మా ఊరి లీడరు మెడలు వంచిన మొనగాణ్ణి నేనే. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా నా గడ్డం సంగతి మాట్లాడుకోని టీ బంకు లేదు.

జమ్మలమడుగు బస్సెక్కే ఊరు మాది. ఎగువ వీధి లీడరుది, దిగువ వీధి అవతలి పార్టీది. రెంటికీ మంగలి ఒక్కడే. ఎలక్షన్లు కాగానే లీడరు ఆయనకు కబురు పంపినాడు, దిగువ వీధి గడ్డాలు ముట్టుకుంటే షాపు ఉండదని. సగం ఊరితో ఆయన పొట్ట గడవదు. షాపుకు తాళమేసి, ప్రొద్దుటూరులో బావమరిది దగ్గరికి పోతానని మూట కట్టినాడు.

"కొన్నాళ్లుండు మామా," అన్నాను.

"ఉండి ఏం గొరగాలప్పా? గాలినా?"

నేను ఎగువ వీధివాణ్ణే. అయినా గడ్డం పెంచినాను. లీడరు మనిషి జీపు ఆపి, "ఏందప్పా ఈ గడ్డం? మీ ఇంట్లో ఎవరు పోయినారు?" అన్నాడు.

ఛాతీ విరుచుకొని చెప్పినాను: "మొక్కుండాది. ఊరంతా ఒకే కత్తి కింద కూర్చునేదాకా తీయనని ఊరమ్మకు మాటిచ్చినా."

చూస్తుండగానే అదే మొక్కని ఎగువ వీధంతా గడ్డాలు. మిషన్ బడి అయ్యవారిని కూడా జీపువాడు వదల్లేదు.

"మీకేం మొక్కు సార్?"

"మాకు మాత్రం దేవుడు లేడా నాయనా?"

ఇంతలో లీడరు కూతురి పెండ్లి వచ్చింది. జిల్లా పెద్దలంతా వస్తారు, పందిట్లో వడ్డించేది మేము, చావింటివాళ్ల మాదిరి. నాటుబాంబులకు అదరని మనిషి మా మొహాలు చూసి చెమట తుడుచుకున్నాడు.

"రేపే జమ్మలమడుగు పోయి గీయించుకు రాండి."

"అట్లేన్నా," అన్నాను. "మొక్కు చెడితే ఆ పాపం తీయించినోళ్లకు తగులుతాదంట. పెండ్లిల్లు కదా అని భయపడతాండాం."

లోపలి నుంచి లీడరు తల్లి కేకేసింది: "ఒరే! ఆ మంగలిని ఊరందరికీ షాపు తెరవమను. నీ పార్టీ తగలబడ, నా మనవరాలి పెండ్లిరా!"

మరుసటి పొద్దున రెండు వీధులూ ఒకే వరసలో నిలబడినాయి. కుర్చీ నాదే ముందు. సబ్బు నురగ తుడిచి, నా దవడ కింద మచ్చ చూసి మామ ఆగిపోయినాడు.

"సెగ్గడ్డ మచ్చ కదప్పా ఇది? ఇదా నీ మొక్కు?"

ఇంకేం దాచేది? ఆస్పత్రిలో డాక్టరమ్మ కత్తి తగలనీయొద్దంది, అందుకే పెంచినా. మా వాకిట్లో జీపు ఆగితే ఛాతీ విరుచుకోలేదు, తలుపు చాటుకు జరిగినా. మొక్కు అన్నంతవరకే నాది. ఒకే కత్తి మాట, గడపలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా మా ఇంటామె అనింది. ఇక పులివెందులలో ఈ సంగతి తెలిసింది మా వియ్యంకుడొక్కడికే, చెప్పింది నేనే.

"గట్టిగా అనొద్దు మామా," అని గొణిగినా.

"నాకెందుకప్పా. మూట విప్పేసినా, ఇంక యాడికీ పోను." నా మెడ మీది గుడ్డ విదిలించి, వెనకున్న దిగువ వీధాయన్ని పిలిచినాడు. "నువ్వు రాప్పా, కూర్చో."